యుద్ధ విమానాల జీర్ణోద్ధరణ: కొన్ని పాఠభేదాలు

శిథిలమైన గుడిని బాగుచేయడాన్ని మనవారు జీర్ణోద్ధరణ అన్నారు. కొత్త గుడి కట్టించినదానికంటె పాత గుడి నిలబెట్టినవాడికి పుణ్యం ఎక్కువని పెద్దలు చెబుతారు. శాసనాలు వెదుక్కుంటూ ఊళ్ళు తిరిగిన పండితులను అడిగితే ఈ పుణ్యం తెచ్చిన చేటు ఏమిటో వారు చెబుతారు. ధర్మకర్త శ్రద్ధగలవాడే. గోడలకు సున్నం కొట్టిస్తాడు, స్తంభాలకు రంగు వేయిస్తాడు, అడ్డంగా ఉన్నదని అక్షరాల బండను తీయించి మెట్టు కింద పరిపిస్తాడు. గుడి నిగనిగలాడుతుంది. ఆ గుడికి చెరువు కింద ఎన్ని మర్తురుల నేల ఇచ్చారో, ఎవరిచ్చారో, ఏ పన్నుల మీద ఆ ధర్మం నడిచిందో చెప్పే పంక్తులు సున్నం పొర కింద మాయమవుతాయి.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది గుడుల సంగతి కాదు. రెండు ప్రపంచయుద్ధాలలో ఎగిరి, కూలి, చెత్తగా పారవేయబడిన విమానాలను వెదకి తెచ్చి, బాగుచేసి, మళ్ళీ ఎగురవేయడం ఇంగ్లండు, అమెరికా తదితర దేశాలలో ఎందరికో జీవితవ్యాసంగమైపోయింది. మన పత్రికలు ఈ సంగతిని వింత వార్తగా ఒక మూల వేసి ఊరుకుంటాయి. కాని చరిత్రను ఎవరు దాచుకుంటారు, ఏ రూపంలో దాచుకుంటారు అన్న ప్రశ్న ఇక్కడ కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. పైగా ఆ విమానాలలో కొన్నిటి మీద మన శిస్తు సొమ్ము ఉన్నది, మన పనివారి సుత్తిదెబ్బలు ఉన్నాయి. అందువల్ల ఇది దూరపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు.

మొదట వారి దీక్షను ఒప్పుకోవాలి. 1942 జూలై 15న ఇంగ్లండుకు బయలుదేరిన ఎనిమిది అమెరికా విమానాలు వాతావరణం చెడి, పెట్రోలు అడుగంటి, గ్రీన్‌లాండు మంచు మైదానం మీద దిగాయి. సిబ్బంది అంతా బతికి బయటపడ్డారు. విమానాలు అక్కడే ఉండిపోయాయి. ఏటేటా కురిసిన మంచు వాటిని మింగింది. 1988లో వాటి జాడ తెలిసేనాటికి అవి సుమారు 260 అడుగుల లోతున ఉన్నాయి. వేడినీటితో మంచు కరిగించే యంత్రం దింపి బావి తవ్వారు. అడుగున గుహ తొలిచారు. పి-38 రకం విమానాన్ని ఒకదాన్ని అక్కడే ముక్కలుగా విడదీసి 1992లో పైకి తెచ్చారు. పదేళ్ళు పనిచేసి 2002 అక్టోబరులో అమెరికాలో ఎగురవేశారు. దానికి గ్లేసియర్ గర్ల్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఇంకొకటి. 1940 మే 24న ఫ్రాన్సులో కాలే దగ్గర సముద్రతీరాన ఒక స్పిట్‌ఫైర్ దిగబడింది. పైలటు జర్మనులకు ఖైదీ అయ్యాడు. విమానాన్ని ఇసుక కప్పివేసింది. 1980లో ఇసుక జరిగి దాని ఎముకలు బయటపడ్డాయి. 2011లో అది ఇంగ్లండులో డక్స్‌ఫర్డు నుంచి ఎగిరింది. 2015లో లండను వేలంలో 31 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. వచ్చిన సొమ్ము దాతృత్వ సంస్థలకిచ్చారు. సరే. నలభై ఏళ్ళు ఉప్పునీటిలో నానిన సన్నటి రేకు ఆకాశంలో ఎలా ఎగిరింది? సమాధానం తేలికే. ఎగిరినదానిలో అధికభాగం ఆ రేకు కాదు.

తరగతిలో పాఠభేదాలు చెప్పేవారికి ఈ చిక్కు వెంటనే తడుతుంది. తాళపత్ర గ్రంథం చివికిపోతే లేఖకుడు కొత్త ఆకుల మీద ఎక్కించి పాతదాన్ని ఏటిలో విడిచేవాడు. ఎక్కించేటప్పుడు తప్పిపోయిన పాదాన్ని తానే పూరించేవాడు. మూడు తరాలు గడిచేసరికి కవి మాట ఏదో, లేఖకుడి మాట ఏదో తెలియని స్థితి వచ్చేది. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి పండితుల చేత సరిచూపించింది ఈ బాధ వల్లనే. విమానాల లోకంలో ప్రక్షిప్తాలు అంతకంటె ఘనం. ప్రతి విమానానికీ ఒక గుర్తింపు ఫలకం ఉంటుంది. ఆ చిన్న రేకుముక్క, దానితోపాటు కూలినచోట దొరికిన కొద్ది శకలాలు ఉంటే చాలు. పాత నమూనాపత్రాలు దగ్గర పెట్టుకొని మిగిలినదంతా కొత్తగా తయారుచేసి, పాత నంబరు వేసి, ఫలానా సంవత్సరంలో ఫలానా యుద్ధంలో పాల్గొన్న విమానం ఇదేనంటారు. చట్టం ఒప్పుకుంటుంది, వేలందారు ఒప్పుకుంటాడు. ఫలితం చూడండి: స్పిట్‌ఫైర్లు ఇరవై వేలకు పైగా తయారయ్యాయి, యుద్ధం ముగిశాక తుక్కులో పోయాయి. కాలం గడిచినకొద్దీ ఎగిరేవాటి సంఖ్య తగ్గాలి గదా? గత యాభై ఏళ్ళలో అది పెరిగింది. నాలుగైదు పద్యాలు దొరికిన కావ్యానికి ఆరు ఆశ్వాసాలు రాసి ప్రాచీనకవి పేరుతో అచ్చువేసినట్లున్నది.

దీన్ని మోసం అనను. ఆ పని చేసేవారిలో చాలామంది ఏ భాగం పాతది, ఏ భాగం కొత్తది అన్నది తమ పుస్తకాలలో రాసుకుంటారు. కొందరు మ్యూజియంవారు అసలు బాగుచేయడమే మానుకొని, దొరికిన శిథిలాన్ని దొరికినట్లే నిలుపుతున్నారు. నార్వేలో ఒక సరస్సు అడుగునుంచి 1973లో పైకితీసిన హాలిఫాక్సు బాంబరు లండను హెండను మ్యూజియంలో ఆ తుప్పుతో, ఆ చిరుగులతో అలాగే ఉంచబడింది. నా మాట అడిగితే మెరిసే పది విమానాలకంటె ఆ ఒక్క శిథిలం ఎక్కువ చదివిస్తుంది. అయితే చూడవచ్చేవారు మెరుపునే అడుగుతారు, డబ్బు మెరుపుకే వస్తుంది.

అదే హెండనులో మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన విమానం ఒకటి ఉన్నది. మొదటి యుద్ధకాలపు డి.హెచ్. 9ఏ రకం. కర్రచట్రం, దాని మీద బిగించి రంగుపూసిన నారబట్ట. 1918లో బ్రిటిషు వాయుసేన 110వ దళానికి సమకూర్చిన ఈ రకం విమానాలన్నీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో కొన్నవి. ఒక్కొక్కదాని ఒంటి మీద హైదరాబాదు నిజాం బహూకరించినదని ఇంగ్లీషులో రాసి ఉండేది. ఇంగ్లండు చట్రం, అమెరికా ఇంజను, దక్కను సొమ్ము. సెప్టెంబరులో ఆ దళం ఫ్రాన్సు చేరింది. అక్టోబరు 5న జర్మను పట్టణాల మీద దాడికి వెళ్ళిన ఎఫ్ 1010 నంబరు విమానం తిరిగిరాలేదు. ఇద్దరు వైమానికులు పట్టుబడ్డారు. విమానం జర్మనులకు విజయచిహ్నమై, బెర్లిను విమాన మ్యూజియం చేరింది. రెండవ యుద్ధంలో బెర్లిను మీద బాంబులు పడుతుంటే జర్మనులు తమ సేకరణను తూర్పుదిక్కుకు తరలించారు. యుద్ధానంతరం అది పోలండులో తేలింది. అలా పోలండుకు దక్కిన విమానాలలో చాలావాటికి రెక్కలు లేవు. 1977లో క్రాకో మ్యూజియంవారు దీన్ని ఇంగ్లండుకిచ్చి బదులుగా ఒక స్పిట్‌ఫైరు తీసుకున్నారు. జీర్ణోద్ధరణ జరిగి 1980లలో అది లండనులో ప్రదర్శనకు వచ్చింది.

ఈ విమానం మీద ఉన్నది దానశాసనం కాక మరేమిటి? దాత పేరున్నది, గ్రహీత ఎవరో తెలుస్తున్నది. మన దానశాసనాలలో దాత వంశవర్ణన సీసపద్యాలలో సాగుతుంది. దానమైన పొలం సరిహద్దులు చెట్టుతో సహా చెబుతారు. ఆ పొలం దున్నేవాడి ఊసు మాత్రం ఉండదు. ఇక్కడా అంతే. నిజాం ఖజానాకు మూలాధారం భూమిశిస్తు. 1918 వానలు తప్పిన సంవత్సరం, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిన సంవత్సరం. తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి సాగుతున్న రోజులు. మూడేళ్ళ తరవాత హైదరాబాదులో పుట్టిన ఆంధ్రజనసంఘం మొట్టమొదట పట్టించుకున్న సమస్యలలో వెట్టి ఒకటి. ఫ్రాన్సు ఎక్కడుందో తెలియని రైతు జొన్నచేను మీద కట్టిన శిస్తు జర్మను రైల్వేస్టేషన్ల మీద బాంబయి పడింది. లండను వెళ్ళే మనవారు ఆ అక్షరాలను చూసి గర్వపడి ఫోటో తీసుకుంటారు కాబోలు. గర్వపడితే పడనివ్వండి. చదవడం మాత్రం పూర్తిగా చదవాలి.

రెండవ యుద్ధంలో ఈ కథ పునరావృతమైంది. బ్రిటిషు వాయుసేన 152వ దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉన్నది. ఆ దళం 1940లో ఇంగ్లండు ఆకాశంలో స్పిట్‌ఫైర్లతో పోరాడి, తరవాత బర్మా రంగానికి వచ్చింది. 253వ దళానిది కూడా హైదరాబాదు సంస్థానం పేరే. స్పిట్‌ఫైరు చందా అన్నమాట ఆ రోజుల్లో సామ్రాజ్యమంతటా మోగింది. అయిదువేల పౌండ్లు పోగుచేస్తే ఒక విమానం మీద మీ ఊరిపేరు రాస్తామన్నారు. అదే 1940 జూలైలో ఇంగ్లండులో మంత్రి బీవర్‌బ్రుక్ గృహిణులను వంటింటి సత్తుగిన్నెలు అడిగాడు. గిన్నెలు కరిగిస్తే విమానాలవుతాయన్నాడు. ఆడవాళ్ళు కుప్పలు కుప్పలుగా తెచ్చి పోశారు. యుద్ధం ముగిసింది. విమానాలు కరిగాయి. అమెరికాలో కింగ్‌మన్ అనే ఒక్కచోటనే అయిదువేలకు పైగా విమానాలను తుక్కుచేశారు. ఇంగ్లండులో విమాన కర్మాగారాలు అల్యూమినియం రేకుతో ఇళ్ళు చేసి, బాంబుదాడులలో కొంప పోయినవారికి ఇచ్చాయి. అలాంటి ఇళ్ళు యాభైవేలకు పైచిలుకు. గిన్నె విమానమైంది, విమానం ఇల్లయింది. ఈ మూడు దశలలో నడిమి దశ ఒక్కటే ఈనాడు వేలంలో లక్షల పౌండ్లు పలుకుతున్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. లోకంలో జరిగిన విమాన జీర్ణోద్ధరణలలో గొప్పది ఏది అని నన్నడిగితే గ్రీన్‌లాండు బావి పేరు చెప్పను, బెంగుళూరు షెడ్ల పేరు చెబుతాను. బి-24 లిబరేటరు అమెరికావారి నాలుగు ఇంజన్ల బాంబరు, యుద్ధంలో పద్దెనిమిది వేలకు పైగా తయారైంది. ఆసియా రంగంలో వాడినవాటిని యుద్ధం ముగిశాక కాన్పూరు దగ్గర చకేరీ విమానాశ్రయంలో వదలిపెట్టారు. అరువు ఒప్పందం ప్రకారం వచ్చిన సరుకు గనుక వాటిని మరెవరూ వాడుకోకుండా, వెళుతూ వెళుతూ, పాడుచేసి మరీ వెళ్ళారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, వెంటనే కాశ్మీరు యుద్ధం వచ్చింది. భారత వాయుసేన దగ్గర భారీ బాంబర్లు లేవు. కొనడానికి డబ్బు లేదు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ మెకానిక్కులు చకేరీలో ఆ గడ్డిలో దిగి, ఒకదాని చక్రం, ఇంకొకదాని గేజి, మూడోదాని గొట్టం ఏరి, ఒక్కసారి ఎగిరి బెంగుళూరు చేరగలిగేటంత మాత్రం అతుకుపెట్టారు. కంపెనీ పైలటు జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా నడిపి తెచ్చాడు. లిబరేటరు నడపడం ఆయనకు ఎవరూ నేర్పినది కాదు. బెంగుళూరులో వాటిని పూర్తిగా విప్పి మళ్ళీ కట్టారు. సుమారు నలభై విమానాలు అలా లేచాయి. 1948 నవంబరులో 5వ దళం వాటితోనే మొదలయింది. తరవాత 6వ దళం సముద్రం మీద గస్తీకి వాటినే వాడింది. 1968 చివరిదాకా అవి పనిచేశాయి.

ఇరవై ఏళ్ళు! అప్పటికి అమెరికాలో ఆ జాతి విమానాలు దాదాపు మచ్చుకైనా మిగలలేదు. మనవారు వాటిని మాన్పించగానే ప్రపంచపు సేకర్తల కన్ను ఇటు పడింది. 1968లో ఒకటి కెనడాకు, 1969లో ఒకటి అమెరికాలో అరిజోనాకు, 1974లో ఒకటి ఇంగ్లండుకు తమ రెక్కల మీద తామే ఎగిరి వెళ్ళాయి. ఈనాడు ప్రపంచంలో మిగిలిన లిబరేటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. వాటిలో అరడజను దాకా బెంగుళూరు చేతులు లేవదీసినవే. మనకోసం మనం ఉంచుకున్నది ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉన్నది.

వాటిలో ఒకదాని కథ చెప్పి తీరాలి. 1980ల మొదట్లో ఇంగ్లీషు సేకర్త ఒకాయన భారతదేశం నుంచి ఒక లిబరేటరును కొని, విడదీసి ఇంగ్లండు తీసుకుపోయాడు. 1984లో అమెరికావారి కాలింగ్సు సంస్థ దాన్ని కొన్నది. ఏళ్ళతరబడి పనిచేయించి 1989లో ఎగురవేసింది. దానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? ఆల్ అమెరికన్! యుద్ధకాలంలో ఇటలీ రంగంలో ఆ పేరుతో వేరే విమానం ఉండేది. దాని వేషం దీనికి వేశారు. తరవాత పసిఫిక్ రంగపు మరో విమానం వేషం వేసి, ఒంటినిండా డ్రాగను బొమ్మ రాశారు. ఆ తరవాత విచ్‌క్రాఫ్ట్ అన్నారు. ఆ విమానం బ్రిటిషు సేనలో ఉన్నకాలం కొద్ది. భారతదేశంలో పనిచేసిన కాలం రెండు దశాబ్దాలు. దాని ఒంటి మీద నిజంగా ఉన్న చరిత్రను గీకివేసి, తనది కాని చరిత్రను పులిమారు. పీఠికలో సంగతి చెప్పకపోలేదు. ఆ సంస్థవారు భారత సేవ మాట ఒప్పుకుంటూనే వచ్చారు. కాని ప్రదర్శనకు వచ్చే పిల్లవాడు పీఠిక చదవడు, బొమ్మ చూస్తాడు.

అమెరికా వైమానికులలో లిబరేటర్లలో కూలి చచ్చినవారు వేలమంది. వారి కుటుంబాలు ఆ రంగులను చూసి కన్నీరు పెట్టుకుంటాయని, అందుకే ఆ వేషమని వారు చెబుతారు. ఆ కన్నీటిని ఎవరూ తక్కువచేయనక్కరలేదు. ఆ ముసలివారి కోసమైనా విమానం ఎగరడం మంచిదే. నా అభ్యంతరం ఒక్కటే. జీర్ణోద్ధరణ చేసేవాడు వస్తువు జీవితంలో ఒక్క రోజును ఎంచుకుంటాడు. అది దాదాపు ఎప్పుడూ కీర్తిగల రోజే అవుతుంది. మిగిలిన రోజులన్నీ తుప్పుతోపాటు పోతాయి. చకేరీ గడ్డిలో కూర్చొని చక్రాలు ఏరిన మెకానిక్కు రోజు అలా పోయింది.

బికనీరులో జరిగినది కూడా ఇటువంటిదే, కాని అంత అన్యాయంగా కాదు. మొదటి యుద్ధం తరవాత మహారాజు గంగాసింగుకు ఇంగ్లండునుంచి కానుకగా వచ్చిన డి.హెచ్. 9 విమానాలు జునాగఢ్ కోటలో ఏనుగుల సాలలో చెదలు తింటూ పడి ఉండేవి. బ్రిటిషు సేకర్తలు వాటిని కనిపెట్టారు. ఒకటి 2007 నాటికి డక్స్‌ఫర్డు యుద్ధ మ్యూజియంలో నిలబడింది. మరొకటి 2019లో ఎగిరింది. కర్ర చెదలు తిన్నది గనుక దాదాపు అంతా కొత్తదే. ఇంగ్లండు ఒక్కటి కూడా దాచుకోని రకాన్ని ఏనుగులసాల దాచింది. కోటలో ఒకటి మిగిలి ఉన్నది.

శిథిలం ఎవరిది? ఈ ప్రశ్నకు న్యాయస్థానాలలోకంటె అడవులలో ఎక్కువ సమాధానాలు దొరుకుతాయి. పపువా న్యూగినీ చిత్తడిలో 1942 ఫిబ్రవరిలో దిగిన బి-17ను 2006లో అమెరికా సేకర్తలు ఎత్తుకుపోబోతే ఆ దేశంలో పెద్ద అలజడి రేగింది. ఏళ్ళపాటు రేవులోనే ఆగింది. చివరకు 2013లో హవాయి చేరింది. కొనేవాడికి అది యుద్ధస్మృతి, ఆ ఊరివారికి తమ నేల మీద తమ ప్రమేయం లేకుండా జరిగిన యుద్ధపు మిగులు. మన అరుణాచల్ కొండలలో కూడా ఇటువంటి శిథిలాలున్నాయి. 1942 నుంచి 1945 వరకు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు ఆరున్నర లక్షల టన్నుల సరుకు మోసిన విమానాలలో సుమారు ఆరువందలు కూలిపోయాయి. వాటి జాడలు మొదట తెలిసినది వేటకు వెళ్ళిన కొండజాతులవారికే. 2023లో పాసీఘాటులో ఈ శిథిలాలకు ఒక మ్యూజియం పెట్టారు. వస్తువు దొరికిన కొండల నడుమనే ఉండడం అన్నిటికంటె మంచి మార్గమని నాకు తోస్తుంది.

చనిపోయినవారి విషయం వేరు. 1970లలో ఇంగ్లండులో ఔత్సాహికులు పొలాలు తవ్వుతుంటే ఇంజనుతోపాటు పైలటు ఎముకలు కూడా బయటపడేవి. 1986లో పార్లమెంటు చట్టం చేసి, సైనిక విమానం కూలినచోటును అనుమతి లేనిదే తవ్వరాదన్నది. చట్టం వచ్చేదాకా ఆగవలసిన విషయమా ఇది?

ఇంత చెప్పినా ఈ వ్యాసంగంలో నాకు నిండు గౌరవం కలిగించేది ఒకటి ఉన్నది. అది లక్షలు పెట్టి కొనేవాడిది కాదు, షెడ్డులో సాయంత్రాలు గడిపే పనివాడిది. రివెటు కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకడు బయట సుత్తి తుపాకి పట్టుకుంటే, ఇంకొకడు లోపల ఇనుపదిమ్మ ఆనించి దెబ్బ కాచుకోవాలి. కొన్ని రకాల రివెట్లను కాల్చి చల్లార్చి, గట్టిపడకుండా ఐసుపెట్టెలో ఉంచి, తీసిన కొద్దిసేపట్లో కొట్టివేయాలి. నారబట్టను రెక్క మీద కుట్టడానికి ముడికొక లెక్క ఉన్నది. ఈ విద్యలు పుస్తకాలలో లేవు. యుద్ధకాలంలో కర్మాగారాలలో ఆడవాళ్ళు, మగవాళ్ళు చేతులతో నేర్చినవి. పింఛను పుచ్చుకున్న ముసలి మెకానిక్కు పక్కన నిలబడి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు దిమ్మ పట్టడం నేర్చుకుంటున్నాడంటే, మెరుపు కింద దాగని చరిత్ర అక్కడ కొంత మిగిలినట్లే.

మన దగ్గర యుద్ధకాలపు వస్తువు ఒకటి ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో పడి పేలని బాంబు డొల్ల బీచిరోడ్డు మ్యూజియంలో కనిపిస్తుంది. దానికి రంగులు వేసి ఎగురవేసే అవసరం లేదు గనుక ఎవరూ వేయలేదు. ఆ రోజు రేవులో కూలిపనిలో ఉన్న తండ్రుల కోసం ఎదురుచూసిన పిల్లలు, మూటాముల్లె నెత్తిన పెట్టుకొని పల్లెలకు నడిచిన కుటుంబాల పిల్లలు ఈనాటికి ఎనభయ్యోపడి చివరలో, తొంభయ్యోపడిలో ఉన్నారు. వారు కొద్దిమంది. వారిని అడిగి రాసుకునే పని కాలేజీ విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో చేయగలరు. వచ్చే వేసవికి ఆ కొద్దిమందిలో ఎందరుంటారో.